దీవికి ఓడ ఎలా చేరుతుందో ముందు అడగండి

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి డిసెంబరులో మయామి నుంచి బయలుదేరే ఓడ ప్రయాణానికి మమ్మల్ని తీసుకువెళ్తానంటున్నాడు. అందులో ఒక రోజు ఆ ఓడ కంపెనీ సొంత దీవిలో గడపాలట. నాకు 68 ఏళ్లు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఇద్దరికీ ఈత రాదు, పైగా శాకాహారులం. మేము ఆ దీవిలో దిగగలమా, లేక ఓడలోనే ఉండిపోవడం మేలా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: నిస్సంకోచంగా దిగవచ్చు. అయితే టికెట్లు కొనకముందే మీ అబ్బాయి చేత ఒక్క సంగతి కనుక్కోమనండి: ఓడ దీవి జెట్టీకే వచ్చి ఆగుతుందా, లేక దూరంగా లంగరు వేసి ప్రయాణికులను చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారా? మీ ఆవిడ మోకాళ్ల దృష్ట్యా మిగిలినవన్నీ దీని తరువాతివే.

బహామాస్‌లో రాయల్ కరీబియన్ వారి కోకోకే, డిస్నీ వారు 1998 నుంచి నడుపుతున్న కాస్టవే కే దీవుల్లో ఓడ జెట్టీకే ఆనుతుంది కనుక వాలుదారి మీదుగా నడిచి దిగి, అక్కడ తిరిగే ట్రాము ఎక్కవచ్చు. చిన్న పడవల వ్యవహారం వేరు. మా అమ్మగారిని అలాంటి పడవ ఎక్కించిన రోజు నేను మరువలేను. ఓడ పక్కన నీటిమట్టానికి దగ్గరగా ఉన్న తలుపు దగ్గర, పడవ అంచు జానెడు పైకి లేచి, మరుక్షణం జానెడు కిందికి దిగుతోంది. ఇద్దరు సిబ్బంది ఆమె మోచేతులు పట్టుకుని, అల లేచే అదను చూసి అడుగు వేయమన్నారు. ఆమె ఒక్క క్షణం తటపటాయించేసరికి పడవ కిందికి దిగిపోయి, మోకాలు మెలిక పడింది. ఆ రోజంతా ఇసుకలో కాలు చాపుకునే కూర్చున్నారు. మైలవరం జలాశయంలో పడవ ఎక్కిన అలవాటు ఇక్కడ అక్కరకు రాదు. అదీగాక, సముద్రం పోటుగా ఉంటే పడవలు దించడం మానేసి, దీవి మజిలీనే రద్దు చేస్తారు.

ఈత రాకపోయినా బెంగ లేదు. ఒడ్డున నీళ్లు లోతు తక్కువగా ఉంటాయి, లైఫ్ జాకెట్లు కూడా ఇస్తారు. నేను చెప్పిన ఆ రెండు దీవుల్లోనూ మధ్యాహ్న భోజనం, వాలుకుర్చీలు టికెట్టు ధరలోనే కలిసి ఉంటాయి. ప్రత్యేక గుడిసెలకు, కోకోకేలోని నీటి ఆటల పార్కుకు విడిగా చెల్లించాలి. దీవిలో వడ్డించేది ఎక్కువగా కాల్చిన మాంసం కాబట్టి, శాకాహారులమని బుకింగ్ సమయంలోనే నమోదు చేయించి, ఆ ఉదయం ఓడలోనే కడుపునిండా టిఫిను చేసి దిగండి. కడప ఎండ చూసినవాళ్లం కదా అనుకోవద్దు; తెల్లని ఇసుక, నీరు ఎండను ముఖం మీదికి తిప్పికొడతాయి.

బహామాస్ వేరే దేశం కనుక మీ అమెరికా వీసా పలుమార్లు ప్రవేశానికి చెల్లేదై ఉండాలి. బహామాస్ ప్రవేశ నిబంధనలను కూడా ఓడ కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. అదే ఉత్తరంలో, ఇసుకలో దిగబడకుండా నడిచే వెడల్పు చక్రాల కుర్చీ ఒకటి మీ ఆవిడ కోసం కేటాయించమని అడగండి. అవి కొన్నే ఉంటాయి, ముందు అడిగినవారికే దొరుకుతాయి.