పాత దస్త్రాలు – మీ ప్రశ్నలు: గోడలు మనవి, నేల ఫౌజుది

(నల్గొండ కలెక్టరేటు రికార్డు రూములో ఉర్దూ దస్త్రాల మధ్య ఉద్యోగం చేసి రిటైరైన రచయిత పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్న శీర్షిక ఇది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కంటోన్మెంట్ గురించో, ఫౌజు చేతుల్లోకి పోయిన భూముల గురించో ఉన్నాయి. అందుకే వాటినే తీసుకున్నాం.)

భువనగిరి నుంచి ఒక పాఠకుడు: మా తాతగారు బొల్లారంలో ఒక పాత బంగళా కొన్నారు. దస్తావేజు ఉంది, ఏటా పన్ను కడుతున్నాం. ఇప్పుడు అమ్ముదామంటే "ఇది బీ-3, ఓల్డ్ గ్రాంట్, పర్మిషన్ కావాలి" అంటున్నారు. మన ఇల్లు మనం అమ్ముకోవడానికి మిలటరీ వాళ్ళ అనుమతి ఏమిటి సార్?

మీ తాతగారు కొన్నది ఇల్లు మాత్రమే. నేల కొనలేదు. మొహం మీద చెప్పినట్టు ఉంటుంది కానీ, ఇక్కణ్ణుంచి మొదలుపెడితేనే మిగతాది అర్థమవుతుంది.

ఈస్టిండియా కంపెనీ వాళ్ళు తమ ఫౌజీ దొరలకు ఇళ్ళు కట్టించి ఇవ్వలేదు. అలవెన్సు ఇచ్చి, కంటోన్మెంటులో ఇంత జాగా చూపించి, కట్టుకోమన్నారు. ఆ దొరకు బదిలీ అయితే తర్వాత వచ్చిన దొరకు అమ్మి పోయేవాడు. కొన్నాళ్ళకు ఆ బంగళాలు షావుకార్ల చేతికి వచ్చాయి. వాళ్ళు కొని మళ్ళీ దొరలకే అద్దెకిచ్చేవారు. అప్పుడు మొదలైంది గొడవ. యుద్ధం వస్తే ఈ నేల మాకు ఖాళీగా దొరుకుతుందా అని ఫౌజు అడిగింది. డబ్బు పెట్టి కొన్నవాడికి హక్కు లేదా అని సివిల్ వాళ్ళు అడిగారు.

దీనికి జవాబుగా బెంగాల్ సైన్యం కోసం 1836 సెప్టెంబరులో గవర్నర్ జనరల్ 179వ నంబరు ఉత్తర్వు వచ్చింది. నేల ఎప్పటికీ సర్కారుదే, దాన్ని అమ్మడానికి వీల్లేదు. ఎప్పుడు కావాలన్నా ఒక నెల నోటీసు ఇచ్చి, అనుమతితో కట్టిన కట్టడానికి విలువ చెల్లించి, జాగా వెనక్కి తీసుకోవచ్చు. ఇల్లు ఒక ఫౌజీ అధికారి నుంచి ఇంకో ఫౌజీ అధికారికి మారితే ఇబ్బంది లేదు. సైన్యానికి చెందని మనిషికి అమ్మాలంటే మాత్రం స్టేషన్ కమాండరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొనేవాడు నేటివ్ అయి, ఇంటి విలువ 5,000 రూపాయలు దాటితే, కమాండర్-ఇన్-చీఫ్ ద్వారా ప్రభుత్వం దాకా పోయి మంజూరు తెచ్చుకోవాలి. ఎన్నో ఉత్తర్వులు తిరగేసినవాణ్ణి. ఇంత తక్కువ మాటల్లో ఇంతమందిని ఇన్నేళ్ళు కట్టిపడేసినది ఇంకోటి చూడలేదు. రాసిన గుమాస్తా ఎవరో గాని, గట్టివాడు.

మన దగ్గర తాటిచెట్టు ఒకరి పొలంలో ఉన్నా గీసే హక్కు ఇంకొకరిదైనట్టే, అక్కడ నేల హక్కూ ఇంటి హక్కూ విడిపోయాయి.

మద్రాసు, బొంబాయి సైన్యాల నిబంధనలు వేరు. సికింద్రాబాద్‌లో ఉన్నది మద్రాసు సైన్యం. పైగా అది నిలబడింది కంపెనీ నేల మీద కాదు, నిజాం రాజ్యంలో. నిజాం కంపెనీతో చేసుకున్న 1798 ఒప్పందంతో వచ్చిన సైన్యం హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగింది. 1806లో సికందర్ జా పేరు మీద ఆ చోటికి సికింద్రాబాద్ అని పేరు పడింది. నేల మీద రాజరికం నిజాంది, పరిపాలన నిజాం దర్బారులో ఇంగ్లీషువాళ్ళ ప్రతినిధి అయిన రెసిడెంటుది, వాడకం జనరల్‌ది. చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా నిజాం సొంత ఖర్చుల కింద ఉండే సర్ఫేఖాస్. అంటే ఒక రోడ్డు దాటితే చట్టం మారేది, వసూలు చేసే కచేరీ మారేది, రిజిస్టరు కూడా మారేది. ఇన్ని చేతులు మారిన నేలకు ఒకే సూత్రం పట్టుకొని జవాబు చెప్పేవాళ్ళను నమ్మకండి.

ఇళ్ళ మీద పెత్తనం అక్కడితో ఆగలేదు. షావుకార్లు అద్దెలు పెంచుతున్నారు, దొరలకు ఇళ్ళు దొరకడం లేదని ఫౌజు మొరపెట్టుకుంది. దాంతో బ్రిటిష్ ఇండియాలో 1902లో కంటోన్మెంట్ ఇళ్ళ వసతి చట్టం చేశారు, 1923లో దాన్ని మళ్ళీ రాశారు. మిలటరీ అధికారికి ఇల్లు అవసరమైతే, యజమానికి ఇష్టమున్నా లేకపోయినా లీజుకు ఇవ్వాల్సిందే.

ఇక మీ బీ-3 సంగతి. 1937 కంటోన్మెంట్ భూముల నిబంధనలు నేలను తరగతులుగా విడగొట్టాయి. ఏ-1 అంటే ఫౌజు నిజంగా వాడుతున్నది, ఏ-2 అంటే వాడకపోయినా దానికోసం అట్టిపెట్టింది. బీ-లో నాలుగు రకాలు. సీ అంటే రోడ్లు, మార్కెట్ల వంటివి, కంటోన్మెంట్ బోర్డు పరం చేసినవి. బీ-3 అంటే సర్కారు నేల మీద పాత గ్రాంటు (మీకు చెప్పిన ఓల్డ్ గ్రాంట్ అదే) షరతులతో ప్రైవేటు మనుషులు ఉంటున్నది. మీరు కట్టే పన్ను ఇంటి పన్ను. దానివల్ల నేల మీద హక్కు రాదు.

మీరు చేయాల్సిన పని: జనరల్ ల్యాండ్ రిజిస్టరు నకలు తీసుకోండి. అందులో మీ సర్వే నంబరు ఎదుట ఏ తరగతి రాశారు, హక్కుదారు గడిలో ఎవరి పేరుంది, ఏ గ్రాంటు తేదీ ఉంది చూడండి. మొదటి గ్రాంటు కాగితం దొరికితే ప్రాణం పెట్టి దాచుకోండి. సికింద్రాబాద్‌లో కొన్ని జాగాలకు నిజాం కాలపు కాగితాలు కూడా ఉంటాయి. అలాంటిదేమైనా తాతగారి ట్రంకు పెట్టెలో ఉందేమో వెతకండి. ఉర్దూ కాగితమని పారేయొద్దు. తర్వాతే వకీలు దగ్గరికి పోండి. బ్రోకరు దగ్గరికి ముందు పోతే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మహబూబ్‌నగర్ నుంచి డిగ్రీ విద్యార్థి: సార్, కంటోన్మెంటులో చివరి మాట ఎవరిది? జనరల్‌దా, సివిల్ అధికారిదా?

పరీక్షలో ఒక్క మాటలో రాయాలంటే "రోజువారీగా జనరల్‌ది, కాగితం మీద గవర్నర్ జనరల్‌ది" అని రాయి. మార్కులొస్తాయో రావో నేను చెప్పలేను.

అసలు చిక్కు ఏమిటంటే, సివిల్ అధికారి అని మనం అనుకునే కంటోన్మెంట్ మేజిస్ట్రేటు కూడా చాలాకాలం ఫౌజీ అధికారే. బజార్లో దుకాణం జాగా గొడవ వచ్చినా, చెత్త వేసినందుకు జరిమానా అయినా, ఆయన దగ్గరికే పోవాలి. రెజిమెంటల్ బజార్, లాల్ బజార్ పేర్లు చూస్తే తెలుస్తుంది కదా, ఆ బజార్లు పుట్టిందే పటాలం కోసం. 1924 కంటోన్మెంట్ల చట్టం వచ్చాకే న్యాయం చెప్పే పని, బోర్డు నడిపే పని వేరయ్యాయి. ఎన్నికైన సభ్యులు కూడా అప్పుడే సరిగ్గా కనిపించారు. అప్పుడైనా బోర్డుకు అధ్యక్షుడు స్టేషన్ కమాండరే.

రెసిడెంటు ఉత్తరం విదేశాంగ శాఖకు పోయేది, జనరల్ ఉత్తరం సైన్యం శాఖకు పోయేది. పైన ఎవరి మాట చెల్లాలన్నదే తేలకపోతే ఎలా ఉంటుందో 1905లో లోకమంతా చూసింది. సైన్యం మీద పెత్తనం విషయంలో కమాండర్-ఇన్-చీఫ్ కిచెనర్‌తో తగవు పడి కర్జన్ అంతటివాడు వైస్రాయి పదవికి రాజీనామా ఇచ్చాడు. ఇంకో తమాషా ఉంది. సివిల్ వైపు పెద్ద అయిన రెసిడెంటు విడిది బంగళా ఉన్నది బొల్లారంలో, పటాలాల మధ్యనే. 1860లో కట్టిన ఆ భవనమే ఇప్పటి రాష్ట్రపతి నిలయం, 90 ఎకరాలు.

సికింద్రాబాద్ బజారు ప్రాంతాన్ని 1945లో నిజాంకు తిరిగి అప్పగించారు, ఆ ఏడే మునిసిపాలిటీ ఏర్పడింది. 1950లో కార్పొరేషన్ అయి, 1960లో హైదరాబాద్‌తో కలిసింది. తిరిగి ఇవ్వని భాగమే ఇప్పటి కంటోన్మెంట్. రోడ్డు మూసేశారు, తెరిచారు అని పేపర్లో చదివే వార్తలన్నీ ఆ మిగిలిన భాగానివే. నాగ్‌పూర్, కరీంనగర్ రోడ్ల మీద ఎలివేటెడ్ కారిడార్ కట్టాలన్నా రాష్ట్రం 2024 దాకా రక్షణ శాఖ అనుమతి కోసం ఆగాల్సి వచ్చింది.

అలంపూర్ నుంచి రిటైర్డ్ టీచరు: తుంగభద్రకు అవతల కర్నూలు మద్రాసు వాళ్ళకు, ఇవతల మేము నిజాంకు ఎలా పోయాం? రెండూ ఒకే భాష, ఒకే చుట్టరికాలు.

పంతులుగారూ, మీ ఊరిని ఆ గట్టున ఉంచేసింది సైన్యం జీతాల లెక్క.

మైసూరు యుద్ధాల తర్వాత 1792లో, 1799లో నిజాం వాటాకు కొంత నేల వచ్చింది. 1798 నుంచి కంపెనీ సైన్యాన్ని పోషించాలి కదా, ఆ రొక్కం ఏటేటా సరిగ్గా చేరడం లేదు. అప్పుడు 1800 అక్టోబరులో కొత్త ఒప్పందం. రొక్కం వద్దు, జీతాలకు సరిపడా నేలే శాశ్వతంగా ఇచ్చేయండి అన్నారు. మైసూరు నుంచి వచ్చినదంతా అలాగే కంపెనీకి పోయింది. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు. దత్త మండలాలని మనం చదువుకున్నవి అవే.

మీకు కావాల్సిన ముక్క ఇక్కడుంది. సరిహద్దు తికమకగా ఉండకూడదని నదిని గీతగా పెట్టుకున్నారు. నదికి ఉత్తరాన ఉన్న కొప్పళ, గజేంద్రగడ వంటివి నిజాం అట్టిపెట్టుకున్నాడు. బదులుగా తుంగభద్రకు దక్షిణాన, తుంగభద్ర కలిశాక కృష్ణకు దక్షిణాన ఉన్న ఆదోని వగైరా కంపెనీకి ఇచ్చాడు. మీరు ఉత్తరపు ఒడ్డున ఉన్నారు. కర్నూలు నవాబు కంపెనీ చేతి కింద ఇంకొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. ఆయుధాలు పోగు చేస్తున్నాడని 1839లో ఆ రాజ్యాన్ని కూడా కలిపేసుకున్నారు. మీ అలంపూర్, గద్వాల మాత్రం రాయచూరు జిల్లాలో ఉండి 1956లో మహబూబ్‌నగర్‌కు వచ్చాయి.

దత్త మండలాలకు మొదటి కలెక్టరు థామస్ మన్రో. ఆయన కూడా సైన్యాధికారే. ఆయన పాలెగాళ్ళను అణచడానికి ఫౌజును వాడుకున్నాడు, రైతు పేరు మీద నేరుగా శిస్తు రాయించాడు. మన వైపు 1820ల్లో రెసిడెంటు మెట్‌కాఫ్ ఇలాంటిదే చేశాడు. జిల్లాల్లో శిస్తు కట్టడి చూడ్డానికి ఇంగ్లీషు అధికారులను పంపాడు, వాళ్ళలో పటాలం మనుషులూ ఉన్నారు. నాసిరుద్దౌలా 1829లో గద్దెనెక్కగానే వాళ్ళను వెనక్కి పంపేయమన్నాడు. మన్రోకు దొరికినంత వ్యవధి వీళ్ళకు దొరకలేదు. దొరికి ఉంటే పాలమూరు రైతుకు మేలయ్యేదా అంటే నేను అవుననే అంటాను. దీని మీద నా మిత్రులు నాతో కొట్లాడతారు.

జీతాల లెక్క 1800తో అయిపోలేదు. నిజాం ఖర్చుతో ఇంగ్లీషు అధికారుల కింద నడిచిన కంటింజెంటు సైన్యం బాకీ కింద 1853లో బేరారు పోయింది, 1902లో ఏడాదికి 25 లక్షలకు శాశ్వత కౌలు అయింది.

వనపర్తి నుంచి: హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ పేరుకు మా సంస్థానంతో సంబంధం ఉందా?

ఉంది. మీ రాజా మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా సిద్దీలతో పటాలం పెట్టుకున్నాడు. ఆయన పోయాక అది నిజాం కొలువులోకి వెళ్ళింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నివసించిన చోటే ఏసీ గార్డ్స్. ఎయిర్ కండిషనర్లతో సంబంధం లేదు, ఆ ప్రశ్న కూడా ఒకసారి వచ్చింది.

సూర్యాపేట నుంచి ఒక గృహిణి: జాగీర్లు రద్దు చేసింది మిలటరీ వాళ్ళే అని మా మామగారు అనేవారు. నిజమేనా? అలాగైతే మా ఊరి దేశ్‌ముఖ్ భూములు ఎందుకు పోలేదు?

మామగారు సరిగ్గానే చెప్పారమ్మా. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత జనరల్ జె.ఎన్. చౌదరి మిలటరీ గవర్నరు అయ్యారు. బెజవాడ నుంచి వచ్చిన పటాలం మీ సూర్యాపేట దారినే వచ్చింది. చౌదరి పేరు మీదే 1358 ఫస్లీ (నిజాం కాలపు శిస్తు సంవత్సరం) జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చి, 1949 ఆగస్టు 15న అమల్లోకి దిగింది. సర్ఫేఖాస్ కూడా ఆ ఏడే దివానీలో, అంటే సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసే నేలలో, కలిసింది. ఎన్నికైన ప్రభుత్వాలు ఏళ్ళ తరబడి చర్చించే పని ఫౌజీ సర్కారు ఒక్క కాగితంతో చేసేసింది.

కానీ మీ రెండో ప్రశ్నే అసలైనది. ఆ కాగితం తాకింది జాగీర్లను, అంటే శిస్తు వసూలు చేసుకునే హక్కుతో నిజాం ఇచ్చిన ఊళ్ళను. నల్గొండ జిల్లాలో రైతు ఏడ్చింది ఎక్కువగా దివానీ గ్రామాల్లో, దేశ్‌ముఖులు తమ పేర పట్టా చేయించుకున్న భూముల దగ్గర. పట్టా భూమికి జాగీరు చట్టం వర్తించదు. సాయుధ పోరాటంలో సంఘం వాళ్ళు (ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టులు) 3,000 ఊళ్ళలో 10 లక్షల ఎకరాలు పంచామని చెప్పుకున్నారు. ఫౌజు వచ్చాక అందులో చాలా భాగం పాత పట్టాదారుల చేతికే తిరిగి వెళ్ళింది. ఒకే సైన్యం నీడలో జాగీర్లు పోయాయి, దేశ్‌ముఖ్ పట్టాలు నిలిచాయి. అందుకే మా పాత కచేరీలో 1949ని మెచ్చుకునేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు.

కౌలుదారులకు హక్కు వచ్చింది 1950 కౌలుదారీ చట్టంతో. అప్పటికి మిలటరీ గవర్నరు పోయి వెల్లోడి సివిల్ ప్రభుత్వం వచ్చింది. మీ మామగారి తండ్రి కౌలుకు దున్నాడని రాశారు కాబట్టి, తహసీల్ ఆఫీసులో రక్షిత కౌలుదారుల రిజిస్టరు నకలు, 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల లెక్క) నకలు రెండూ అడగండి. ఖాస్రాలో పట్టాదారు గడి ఒక్కటే చూసి వచ్చేయకండి. పక్కన కబ్జాదారు గడి ఉంటుంది, ఆయన పేరుంటే అక్కడే ఉంటుంది.