పాత కంప్యూటర్‌కి కరెంట్ ఇచ్చేముందు

కావలి

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. అది బీబీసీ మైక్రో మోడల్ బీయే, సందేహం లేదు. ఇంకా ప్లగ్ పెట్టలేదని రాశావు చూడు, ఆ ఒక్క మాటకి ప్రాణం కుదుటపడింది. నేను చెప్పేదాకా పెట్టకు. మీ స్నేహితులు ఎవరన్నా వచ్చి "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అన్నా సరే, వద్దని చెప్పు. పాత మెషీన్లు చాలావరకు వయసుతో పోవు, ఇలా "ఒకసారి చూద్దాం" అని స్విచ్ వేసినప్పుడే పోతాయి.

ముందు నీ చేతికి వచ్చింది ఏంటో తెలుసుకో. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ కంపెనీ 1981లో దీన్ని తెచ్చింది. లోపల 6502 రకం ప్రాసెసర్, వేగం 2 మెగాహెర్ట్జ్, మెమరీ 32 కేబీ. మన ప్రభుత్వం 1984లో బడుల కోసం 'క్లాస్' అనే కంప్యూటర్ చదువు పథకం పెట్టినప్పుడు వాడినవి ఈ బీబీసీ మైక్రోలే. ఒంగోల్లో స్కూలు పాత సామానులో నీకిది దొరకడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. దీని బేసిక్ (ప్రోగ్రాంలు రాసే భాష) రాసిన సోఫీ విల్సన్, బోర్డు తయారీలో పనిచేసిన స్టీవ్ ఫర్బర్, వీళ్ళిద్దరే ఆ తర్వాత ఏఆర్ఎం ప్రాసెసర్‌ని రూపొందించారు. మొదటి ఏఆర్ఎం చిప్ 1985 ఏప్రిల్‌లో పనిచేసింది, అదీ బీబీసీ మైక్రోకి తగిలించి నడిపితేనే. నీ ఫోన్‌లో ఉన్నది ఆ వంశంలోని ప్రాసెసరే.

నా అభిప్రాయం మొదటే చెప్తున్నా. షోకేసులో పెట్టుకోవడానికైతే గుడ్డతో తుడిచి పెట్టుకో, దానికి ఉత్తరం అక్కర్లేదు. కూర్చుని ప్రోగ్రాం రాయడానికైతే మాత్రం నీ చెయ్యి పడిన ప్రతి మార్పునీ రేపు ఇంకొకరు వెనక్కి తిప్పగలిగేలా చెయ్యి. బోర్డు కొయ్యడం, పెట్టెకి కొత్త రంధ్రాలు పొడవడం, లోపలివన్నీ పీకేసి రాస్‌బెర్రీ పై అనే ఈకాలపు చిన్న కంప్యూటర్ బోర్డు కూర్చోబెట్టడం, ఇవి నాకు అస్సలు ఒప్పవు.

ఇక పని. పైమూతకి "ఫిక్స్" అని అచ్చు వేసిన స్క్రూలు ఉంటాయి, వెనక రెండు, అడుగున రెండు. అవి తీస్తే మూత లేస్తుంది. నీకు ఎడమ చేతివైపు ఉన్న లోహపు పెట్టె పవర్ సప్లై. మన జాగ్రత్తంతా ముందు దాని మీదే.

అందులో మెయిన్స్ వైరు లోపలికి వచ్చేచోట, తేనె రంగులో, గాజులా లోపలికి కనిపించే పలకల కండెన్సర్లు ఉంటాయి. రీఫా అని పేరు ఉంటుంది. కరెంట్‌లో గోలని వడగట్టడానికి పెట్టినవి అవి, నేరుగా 230 వోల్టుల మీద ఉంటాయి. లోపల లోహపు పూత వేసిన కాగితం చుట్ట, బయట రెసిన్. ఏళ్ళు గడిచేకొద్దీ రెసిన్‌కి వెంట్రుకవాసి పగుళ్ళు వస్తాయి. టార్చి పక్కనుంచి వేసి చూడు, సాలెగూడు గీతల్లా కనిపిస్తాయి. ఆ పగుళ్ళలోంచి తేమ దిగి కాగితం పీల్చుకుంటుంది. ఇంగ్లండ్‌లోనే అవి పేలుతున్నాయంటే, కొత్తపట్నం సముద్రపు గాలి ఇంట్లోకి వచ్చే నీ ఊళ్ళో సంగతి చెప్పాలా? స్విచ్ వేసిన కొన్ని నిమిషాలకి వేడెక్కి టప్పున పగులుతుంది, ఇల్లంతా గోధుమరంగు పొగ, రోజుల తరబడి పోని కంపు. పగుళ్ళు కనిపించకపోయినా వాటిని మార్చాల్సిందే, ఇందులో బేరం లేదు. 0.1 మైక్రోఫారడ్, 0.01 మైక్రోఫారడ్, రెండు విలువలు కావాలి. కొత్తవాటి మీద ఎక్స్2 అని, 275 వోల్ట్ ఏసీ అని రాసి ఉండాలి. షాపువాడు "ఇదీ అదీ ఒకటేనమ్మా" అని మామూలు కండెన్సర్ ఇస్తే తీసుకోకు. ఎక్స్2 రకం పాడైనా మంట లేవకుండా ఉండేలా తయారవుతుంది, మామూలుది అలా కాదు.

పవర్ సప్లైలో మాత్రం ఒంటరిగా చెయ్యి పెట్టొద్దు. ప్లగ్ పీకేశాక కూడా పెద్ద కండెన్సర్‌లో 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు. మీటర్ పెట్టి చూసి, సున్నాకి దగ్గరగా వచ్చిందని తేలాకే ముట్టుకోవాలి. ఈ ఒక్క పెట్టె పని నా ఎదురుగా చేద్దువుగాని. నేర్పుతాను, నువ్వే చేస్తావు, కానీ నేను పక్కనుండాలి.

కండెన్సర్లు మార్చాక కూడా నేరుగా బోర్డుకి ఇవ్వం. మొదట సిరీస్ బల్బు. టీవీ రిపేర్ చేసినవాళ్ళందరి బల్ల మీదా ఉండే బోర్డే, ఫేజ్ వైరు దారిలో 60 వాట్ల బల్బు కలిపి ఉంటుంది. పాత ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతుంది, అంతకుమించి నష్టం జరగదు. ఒకసారి మెరిసి మందగిస్తే మంచి సూచన. అవుట్‌పుట్ వైపు లోడుకి బోర్డు బదులు 12 వోల్టుల బైక్ హెడ్‌లైట్ బల్బు తగిలించి వోల్టేజి కొలవాలి. ఆ కాలపు ఐసీలకి, అంటే చిప్పులకి, 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. అది స్థిరంగా నిలబడితేనే బోర్డు వైర్లు తగిలించడం.

అప్పుడు చెవి పెట్టి విను. ఈ మెషీన్‌లో నాకు బాగా నచ్చేది ఇక్కడే ఉంది. కరెంట్ రాగానే సౌండ్ చిప్ తనంతట తానే మోగడం మొదలెడుతుంది, దాన్ని ఎవరూ మోగమనక్కర్లేదు. ప్రాసెసర్ లేచి, ముందు రోమ్‌లోని (కరెంట్ పోయినా చెరగని మెమరీ) ప్రోగ్రాం చదివి, ఆ మోతని ఆపించి, తర్వాత చిన్న బీప్ కొడుతుంది. అంటే "బూ... బీప్" అని వినిపిస్తే ప్రాసెసర్, రోమ్, ఆ దారులు చాలావరకు బాగున్నట్టే, తెర మీద ఏమీ లేకపోయినా సరే. మోత ఆగకుండా అలాగే సాగితే ప్రాసెసర్ లేవలేదని అర్థం. ఏ ఖరీదైన పరికరమూ లేకుండా, సగం రోగం ఆ శబ్దంతోనే తెలిసిపోతుంది.

మోత ఆగకపోతే కంగారుపడి చిప్పులు కొనొద్దు. ఈ బోర్డులో ముఖ్యమైన ఐసీలు బేసుల్లో కూర్చుని ఉంటాయి. మన తీరం గాలికి కాళ్ళు నల్లబడి, చిలుము పట్టి, బేసుతో తాకిడి పోతుంది. కరెంట్ తీసేసి, ఒక్కో ఐసీని సన్న స్క్రూడ్రైవర్‌తో రెండు చివర్లా కొంచెం కొంచెంగా లేపు. ఒకే వైపు ఎత్తితే కాళ్ళు వంగుతాయి. కాళ్ళని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గాటు ఏ వైపు ఉందో చూసుకుని మళ్ళీ నొక్కు. తీసేముందే ఫోటో తీసుకోవడం మర్చిపోకు. ఒకదాని తర్వాత ఇంకోటి, అన్నీ ఒకేసారి పీకి బల్ల మీద పరచొద్దు. నైలాన్ చున్నీ తీసేసి కాటన్ బట్టల్లో కూర్చో, మధ్యమధ్యలో ఎర్తింగ్ ఉన్న లోహాన్ని ముట్టుకుంటూ ఉండు, ఒంట్లోని స్టాటిక్ కరెంట్‌కి చిప్పులు చచ్చిపోతాయి.

పనికి నీకు కావలసినవి ఎక్కువేం లేవు. 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్, మంచి లెడ్ (టంకం తీగ), కరిగిన టంకం పీల్చే సక్కర్, ఒక మీటర్. నెల్లూరు ట్రంకు రోడ్డు వైపు దొరకనివి చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. ఎటూ పినాకిని రైల్లో వెళ్ళొస్తుంటావు కాబట్టి జాబితా రాసుకుని ఒకేసారి తెచ్చుకో. ఆదివారం మాత్రం వెళ్ళకు, ఎక్కువ షాపులు మూసి ఉంటాయి.

తెరకి: వెనక బీఎన్‌సీ సాకెట్‌లోంచి టీవీ ఏవీ ఇన్‌పుట్‌కి కేబుల్ వేస్తే నలుపు తెలుపులో బొమ్మ వస్తుంది. బోర్డు మీద ఎస్39 అనే లింకు కలిపితే రంగులు కూడా వస్తాయి. అసలైన స్పష్టత కావాలంటే ఆర్‌జీబీ సాకెట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న బోర్డు ఉంది, రాస్‌బెర్రీ పై జీరోతో నడుస్తుంది. మెషీన్ బయటే ఉంటుంది కాబట్టి దానికి నా అభ్యంతరం లేదు. అలాగే ప్రోగ్రాంలు దాచుకోవడానికి, యూజర్ పోర్టు అనే సాకెట్‌కి తగిలించే ఎస్‌డీ కార్డ్ బోర్డు ఒకటి తీసుకో, దాని రోమ్‌ని ఖాళీగా ఉన్న సాకెట్‌లో కూర్చోబెడితే చాలు, సాల్డరింగ్ అక్కర్లేదు. అప్‌గ్రేడ్ అంటే నా దృష్టిలో ఇవి.

పెట్టె పసుపెక్కిందని బాధపడ్డావు. హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీమ్ పూసి ఎండలో పెడితే తెల్లబడుతుంది, నిజమే. కానీ మన వేసవి ఎండలో ప్లాస్టిక్ వంకరపోతుంది, క్రీమ్ ఆరిన చోట మరకలు పడతాయి, పైగా కొన్నేళ్ళకి మళ్ళీ పసుపెక్కుతుంది. నన్నడిగితే వదిలెయ్. సబ్బు నీళ్ళతో కడుగు, చాలు.

దాంతోపాటు వచ్చిన క్యాసెట్ల సంగతి మాత్రం నాకు మెషీన్ కంటే ముఖ్యం. మెషీన్లు ఇంకా ఉన్నాయి, ఆ స్కూల్లో టీచర్లో పిల్లలో రాసిన ప్రోగ్రాం వేరే చోట ఉండకపోవచ్చు. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టొద్దు, ఆ బూజు తర్వాత పెట్టే క్యాసెట్లన్నిటికీ అంటుకుంటుంది. పక్కన తీసి ఉంచు, నేను చూస్తాను. బాగున్నవాటిని ముందు మెషీన్‌లోకి కాదు, కంప్యూటర్‌లోకి శబ్దంగా రికార్డ్ చెయ్యి. సెకనుకి 1200 బిట్ల కీచుమోతే అయినా అందులో మొత్తం ప్రోగ్రాం ఉంది. ఒకసారి మంచి రికార్డింగ్ చేతికొస్తే టేపు పోయినా ఫర్వాలేదు. రోమ్ సాకెట్లలో గాజు కిటికీ ఉన్న ఈప్రామ్‌లు (ప్రోగ్రాం రాసి ఉంచే చిప్పులు) ఉంటే వాటినీ కాపీ తీయాలి. ఆ కిటికీ మీద స్టిక్కర్ ఊడిపోయి ఉంటే వెంటనే టేపు అంటించు, ఎండ తగిలితే లోపలి సమాచారం చెరిగిపోతుంది.

ఇక ప్రోగ్రామింగ్. ఆన్ కాగానే తెర మీద > గుర్తు వస్తుంది కదా, అక్కడ ఇది కొట్టు:

?31744=65

ఎడమ పై మూలలో ఇంగ్లీషు మొదటి అక్షరం ప్రత్యక్షమవుతుంది. ఎందుకంటే ఆన్ కాగానే ఉండే 7వ మోడ్‌లో (తెర పనిచేసే ఒక పద్ధతి) తెర అంటే మెమరీలో 31744 నుంచి మొదలయ్యే 1000 గదులు, వరుసకి 40 చొప్పున 25 వరుసలు. 65 అనేది ఆ అక్షరం నంబరు. నువ్వు ఆ గదిలో అంకె పెట్టావు, తెర చూపించింది. మధ్యలో ఇంకెవరూ లేరు. మీ కాలేజీలో మీరు రాసే ప్రోగ్రాంకీ తెరకీ మధ్య ఎన్ని పొరలున్నాయో నాకంటే నీకే తెలుసు. ఇక్కడ ఏ గదిలో ఏముందో మొత్తం మెషీన్‌ని ఒక మనిషి బుర్రలో పెట్టుకోవచ్చు. ఈ వయసులో కూడా నేను దీన్ని వదలకపోవడానికి కారణం అదే.

తర్వాత బేసిక్‌లో లూప్ రాసి ఆ 1000 గదులూ నింపు. కళ్ళముందే వరుస తర్వాత వరుస నిండుతుంది. ఆపై అదే పని మెషీన్ భాషలో రాయి. ఈ బేసిక్ గొప్పతనం ఏంటంటే, మన ఆదేశాలని మెషీన్ భాషలోకి మార్చే అసెంబ్లర్ అందులోనే ఉంది, చదరపు బ్రాకెట్ల మధ్య రాస్తే చాలు. ప్రాసెసర్ లోపల లెక్కకి వాడే ఎక్స్ రిజిస్టర్ అనే గది 255 దాటదు కాబట్టి 1000ని ఒకే లూప్‌లో లెక్కపెట్టలేవు. 250 చొప్పున నాలుగు ముక్కలుగా చెయ్యి. ఒక్కో గదికి సుమారు 10 క్లాక్‌లు అనుకున్నా 2 మెగాహెర్ట్జ్ మీద మొత్తం 5 మిల్లీసెకన్లు. టీవీ తెరని పైనుంచి కిందిదాకా ఒకసారి గీయడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే నువ్వు రిటర్న్ నొక్కి వేలు ఎత్తేలోపే అయిపోతుంది. ఈ లెక్క నువ్వు స్వయంగా కాగితం మీద వేసుకుని, తర్వాత నడిపి చూడు. ఈ మెషీన్‌లా నటించే ఎమ్యులేటర్ ప్రోగ్రాంలో ఇవాళే మొదలెట్టొచ్చు, మెషీన్ బాగయ్యేదాకా ఆగక్కర్లేదు.

అక్టోబరు వస్తే మన దగ్గర వానలు, తుఫాన్లు మొదలు, గాలంతా తేమే. ఈలోపు పవర్ సప్లై పని పూర్తిచేద్దాం. వచ్చే ఆదివారం మెషీన్‌ని పాత దుప్పటిలో చుట్టి, కీబోర్డు మీద బరువు పడకుండా పట్టుకుని కావలి రా. కండెన్సర్లు నేను తెప్పించి ఉంచుతాను. మూత తీశాక లోపలి ఫోటోలు, ముఖ్యంగా పవర్ సప్లై మీది లేబుల్ ఫోటో, ఈ రాత్రికే పంపు. మొదట్లో వచ్చిన కొన్ని మెషీన్లలో వేరే రకం సప్లై ఉండేది, అదైతే సామాను మారుతుంది.

మీ పెద్దమ్మ అడిగిందని చెప్పమంది.

పెదనాన్న