ఐపాడ్‌లో పాటలు వినిపిస్తున్నాయి, కంప్యూటర్‌లో కనిపించవేం?

సందేహం: పాత డెస్క్‌టాప్ పాడైంది. పాటలన్నీ ఇప్పుడు ఐపాడ్ క్లాసిక్‌లోనే మిగిలాయి. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే క్యాలెండర్స్, కాంటాక్ట్స్, నోట్స్ ఫోల్డర్లు తప్ప పాటలు కనిపించడం లేదు. డిస్క్‌లో జాగా మాత్రం నిండే ఉంది. వాటిని బయటికి తీయడం ఎలా?

జవాబు: పాటలు ఎక్కడికీ పోలేదు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తేలిగ్గా ఎక్కించుకోకుండా యాపిల్ ఆ ఫోల్డర్‌ని దాచింది గానీ తాళం వేయలేదు.

ముందు ఐట్యూన్స్‌తో (ఐపాడ్‌లోకి పాటలు ఎక్కించే యాపిల్ సాఫ్ట్‌వేర్) జాగ్రత్త. 'ఈ ఐపాడ్ వేరే లైబ్రరీతో సింక్ అయి ఉంది, చెరిపేసి దీంతో సింక్ చేయాలా' అని అడుగుతుంది. సరేనన్నారో, మిగిలిన ఆ ఒక్క కాపీ కూడా పోతుంది. క్యాన్సిల్ నొక్కండి. కేబుల్ పెట్టేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్ కీలు కలిపి నొక్కి పట్టుకుంటే సింక్ దానంతటది మొదలవదు. అసలు ఐట్యూన్స్ ఇంకా వేసుకోకపోతే మరీ మంచిది, పాటలు కాపీ అయ్యాకే వేసుకోండి.

ఇప్పుడు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పైన వ్యూ, అందులో షో, అందులో హిడెన్ ఐటమ్స్ నొక్కండి. ఐపాడ్ డ్రైవ్‌లో 'ఐపాడ్ కంట్రోల్' అనే ఫోల్డర్ మసకగా కనిపిస్తుంది. దాని లోపల మ్యూజిక్, అందులో ఎఫ్00, ఎఫ్01 అంటూ వరసగా ఫోల్డర్లు ఉంటాయి. మ్యూజిక్ ఫోల్డర్ మొత్తాన్ని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేయండి. కట్ చేయొద్దు, ఐపాడ్‌లో ఏ పేరూ మార్చొద్దు. మారిస్తే ఐపాడ్ ఆ పాటల్ని గుర్తుపట్టదు. కాపీ కూడా మసకగానే ఉంటే రైట్ క్లిక్, ప్రాపర్టీస్‌లో హిడెన్ దగ్గర టిక్ తీసి, లోపలి ఫైళ్లన్నిటికీ వర్తింపజేయండి.

ఫైళ్ల పేర్లు చూసి కంగారు పడొద్దు. అన్నీ అర్థంలేని నాలుగేసి అక్షరాలే. పాట, సినిమా, గాయకుల వివరాలు ఫైల్ లోపలి ట్యాగ్‌లో ఉంటాయి. ఐట్యూన్స్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, అక్కడున్న 'కీప్ ఐట్యూన్స్ మీడియా ఫోల్డర్ ఆర్గనైజ్డ్', దాని కిందే ఉన్న కాపీ ఫైల్స్ ఆప్షన్ రెండూ టిక్ చేయండి. తర్వాత ఫైల్ మెనూలో యాడ్ ఫోల్డర్ టు లైబ్రరీ. పేర్లు, ఫోల్డర్లు అవే సర్దుకుంటాయి. ఐట్యూన్స్ గొడవ వద్దనుకుంటే ఉచితంగా దొరికే ఎంపీ3ట్యాగ్‌తో ట్యాగ్ నుంచి ఫైల్ పేరు పెట్టించవచ్చు. ట్యాగులే లేని పాత ఎంపీ3 సీడీ పాటలకు మాత్రం విని పేరు పెట్టాల్సి రావచ్చు. ప్లేలిస్టులు ఈ పద్ధతిలో రావు, అవి వేరే డేటాబేస్ ఫైల్‌లో ఉంటాయి.

ఐపాడ్ డ్రైవ్‌గా కనిపించకపోతే మెనూ, మధ్య బటన్ కలిపి నొక్కి రీస్టార్ట్ చేయండి. యాపిల్ గుర్తు రాగానే మధ్య బటన్, ప్లే బటన్ పట్టుకుంటే డిస్క్ మోడ్‌లోకి వెళ్తుంది. 'ఫార్మాట్ చేయాలా' అని విండోస్ అడిగితే అది మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన ఐపాడ్ కావచ్చు. వద్దనండి. ఎవరిదైనా మ్యాక్‌కి తగిలించి, కమాండ్, షిఫ్ట్, చుక్క కీలు కలిపి నొక్కితే దాచిన ఫోల్డర్లు కనిపిస్తాయి.

2009కి ముందు అమెరికాలో ఉన్నప్పుడు ఐట్యూన్స్ స్టోర్‌లో కొన్న ఎం4పీ (కాపీ రక్షణ ఉన్న) పాటలుంటే, కొన్న అకౌంట్‌తోనే ఈ ల్యాప్‌టాప్‌ని ఆథరైజ్ చేయాలి. ఐఫోన్, ఐపాడ్ టచ్‌లకు ఈ కిటుకు పనిచేయదు. వాటిలో పాటల ఫోల్డర్ డ్రైవ్‌గా తెరుచుకోదు.