మాస్టారిని అడగండి: విప్పే పిల్లవాడు, ముట్టుకోనిచ్చే మ్యూజియం

ప్రశ్న: మావాడు ఎనిమిదో తరగతి. పాడైన మిక్సీ, టేబుల్ ఫ్యాను, ఏది కనిపించినా విప్పేస్తాడు. తిరిగి బిగించడు. అమెరికాలో ఉన్న మా చెల్లెలు తన పిల్లల్ని అన్నీ ముట్టుకుని ఆడుకునే మ్యూజియానికి తీసుకెళ్తుందట. మనవైపు అలాంటివి ఉన్నాయా? చూపిస్తే బాగుపడతాడా, ఇంకా చెడిపోతాడా అని వాళ్ల నాన్నకు టెన్షన్.
– ఒక తల్లి, కావలి

జవాబు: ఇంకా చెడిపోతాడమ్మా. చెడిపోనివ్వండి.

మీ చెల్లెలు ఏ ఊళ్లో ఉందో రాయలేదు. ఈ రకం మ్యూజియాల్లో బాగా పేరున్నది శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరటోరియం. 1969లో ఫ్రాంక్ ఒపెన్‌హైమర్ పెట్టాడు. అణుబాంబు తయారీని నడిపించిన రాబర్ట్ ఒపెన్‌హైమర్‌కి సొంత తమ్ముడు. కమ్యూనిస్టు పార్టీలో పనిచేశాడని 1949లో యూనివర్సిటీ ఉద్యోగం పోతే, కొలరాడో కొండల్లో పశువుల్ని పెంచుకుంటూ బతికి, తర్వాత అక్కడి హైస్కూల్లో సైన్సు చెప్పాడు. ఆయనంటే నాకు గౌరవం ఇక్కడే మొదలైంది. నేనూ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పినవాణ్ణే కదా! పిల్లల్ని ఊరి చెత్తదిబ్బకు తీసుకెళ్లి, పారేసిన కార్లు, యంత్రాల భాగాలతో పాఠం చెప్పేవాడు. మీవాడు అక్కడ ఉంటే క్లాసు లీడరయ్యేవాడు.

ఆ మ్యూజియంలో వస్తువులు తయారుచేసే వర్క్‌షాపు కూడా చూడ్డానికి వచ్చినవాళ్ల కళ్లముందే ఉంటుంది. కోయడం, అతకడం, విరిగినదాన్ని బాగుచేయడం అన్నీ చూడొచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. మనవైపు చాలాచోట్ల బటన్ నొక్కితే బల్బు వెలుగుతుంది, అంతే. దానితో పిల్లవాడికి నొక్కడం ఒక్కటే వస్తుంది. తను ఏదో మార్చాలి, మారిస్తే ఏమైందో తనకే కనిపించాలి.

మీకు దగ్గరలో తిరుపతి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. గూడూరు మీదుగా రైల్లో వెళ్లొచ్చు. దర్శనం, జూ అయ్యాక మిగిలిన గంటలో కాదు, దానికోసమే వెళ్లండి. స్కూలు ఎక్స్‌కర్షన్లలో పిల్లలు అన్ని బటన్లూ నొక్కి పరిగెత్తుకుంటూ బయటికి రావడం చూసి చూసి విసుగొచ్చింది నాకు. నాలుగైదు వస్తువులు చాలు. బోర్డు చదివి వినిపించకండి. ముందు వాణ్ణి తిప్పనివ్వండి, తర్వాత ఏమవుతుందో చెప్పమనండి, ఆ తర్వాతే బోర్డు. వేసవిలో బెంగళూరు వెళ్తే, 1962లో మొదలైన విశ్వేశ్వరయ్య మ్యూజియం చూపించండి. రైట్ సోదరుల విమానానికి అదే కొలతల్లో చేసిన నమూనా ఉంది అక్కడ.

ఇక ఇల్లు. వాడు విప్పిన మిక్సీనీ ఫ్యాన్‌నీ పక్కపక్కన పెట్టించండి. మిక్సీలో రెండు కార్బన్ బ్రష్‌లు (తిరిగే భాగానికి ఆనుకుని ఉండే చిన్న బొగ్గు ముక్కలు) ఉంటాయి, ఫ్యాన్‌లో ఉండవు. ఎందుకని అడగండి. మిక్సీ నిమిషానికి సుమారు 18,000 చుట్లు తిరిగితే, సీలింగ్ ఫ్యాను మూడు నాలుగు వందలతో సరిపెట్టుకుంటుంది. రెండూ కరెంటుతో తిరిగేవే అయినా లోపలి కథలు వేరు. జవాబు దొరక్కపోతే ట్రంకు రోడ్డులో మోటార్ వైండింగ్ షాపు మేస్త్రీ దగ్గర ఆదివారం పూట కూర్చోబెట్టండి. రొయ్యల గుంటల్లో తెడ్లతో నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు రిపేరుకొస్తే మరీ మంచిది. మోటారు 1440 చుట్లు తిరుగుతుంటే తెడ్లు వంద దగ్గర ఆడతాయి. మధ్యలో గేరుబాక్సు ఏం చేస్తుందో వాడి చేత్తోనే తిప్పి చూస్తాడు.

షరతులు మాత్రం ఉన్నాయి. సాకెట్లోంచి తీసిన ప్లగ్గుతో సహా వైరు కత్తిరించాకే స్క్రూ డ్రైవర్ ముట్టాలి. ఫ్యాను కెపాసిటర్‌లో (కరెంటు నిలవ ఉంచే భాగం) ఛార్జి మిగిలి ఉండొచ్చు, పెద్దవాళ్లు చూశాకే ముట్టాలి. పాత డబ్బా టీవీ, మైక్రోవేవ్ ఓవెన్ జోలికి అసలు పోకూడదు. వాటిలో నిలిచి ఉండే కరెంటు ప్రాణం తీస్తుంది. తిరిగి బిగించాలంటే, విప్పే ప్రతిసారీ ఫోన్‌లో ఫోటో తీసుకోమనండి.

ప్రశ్న: మా బడికి ప్రయోగ సామగ్రి వచ్చింది. పిల్లలు పాడుచేస్తారని బీరువాలో పెట్టి తాళం వేశారు. హెడ్మాస్టరుకి ఎలా చెప్పాలి?
– ఒక టీచరు, పొదిలి

జవాబు: తాళం తీయించడం కష్టమైతే, బీరువా పక్కన ఒక రిపేరు బల్ల వేయించండి. పాడైన వస్తువుని అక్కడ పెట్టి, పాడుచేసిన పిల్లలతోనే బాగుచేయించండి. వాళ్లలో ఎవరికైనా మంచి ఆలోచన వస్తే పిల్లల సొంత ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు పంపండి, ఎంపికైతే 10,000 రూపాయలిస్తారు. హెడ్మాస్టరు గారికి ఈ 10,000 సంగతి ముందు చెప్పండి, తాళం సంగతి తర్వాత.