స్క్రిప్టు పిల్లల్నే రాయనివ్వు

తమ్ముడూ,

ఏడో తరగతి పిల్లలతో కంప్యూటర్ మీద కామిక్స్ చేయించడానికి నువ్వు రాసిన స్క్రిప్టు చదివాను. బాగుంది. కానీ దాన్ని క్లాసులో ఇవ్వకు. డైలాగులన్నీ నువ్వే రాసిస్తే పిల్లలకు మిగిలేది రంగులు నింపడమే. పాఠం ఎవరికి ఎంత అర్థమైందో నీకెట్లా తెలుస్తుంది?

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల గురించే కదా నీ కథ. నాలుగు గళ్లు ఇచ్చి వాళ్లనే నడిపించమను. ఎవరో ఒకరు ఆఖరి గడిలో అవ్వ బోరు నీళ్లు కాగబెట్టి మనవడికి తాపినట్టు వేస్తారు. కాగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ దాని మోతాదు పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించొద్దని పరీక్షలో సరిగ్గా రాసిన పిల్ల కూడా ఈ బొమ్మ వేయొచ్చు. ఆ గడి దగ్గర ఆగు, మళ్లీ పాఠం చెప్పాల్సింది అక్కడే. ఇంకొకరు నీళ్లకు నల్లరంగు వేస్తారు. కంటికి కనపడనిదాన్ని ఎట్లా చూపిస్తావని అడుగు, జవాబు మాత్రం చెప్పకు. ఒకరు పళ్ల మీద గార వేస్తారు, ఒకరు వంగిన కాళ్లు వేస్తారు. ఊళ్లో ఆ ఫ్లోరైడ్ జబ్బుతో బాధపడే మనిషిని గుర్తుపట్టేలా మాత్రం వేయనివ్వకు. ఇది గట్టిగా చెబుతున్నాను.

తర్వాత భూదానం పాఠం తీసుకో. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగారు, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. పిల్లలు గడిగడికీ వినోబానే వేస్తారు. భూమి అడిగినవాళ్ల ముఖాలు ఏవని అడుగు. బుడగల్లో మాటలు వాళ్లు ఊహించినవైతే కింద ‘మా ఊహ’ అని రాయించు.

కాన్వా అనే డిజైన్ సైట్‌లో రెడీమేడ్ బొమ్మలు బోలెడు. మొదటే అది తెరిస్తే చొక్కాలు ఎంచుకోవడంతోనే పీరియడ్ అయిపోతుంది. ముందు కాగితం మీద పెన్సిల్‌తో గీయించు. ఫోన్‌తో ఫొటో తీసి, గూగుల్ స్లైడ్స్‌లో పెట్టి, మాటలు టైపు చేయించు. సిస్టమ్‌లు తక్కువని టెన్షన్ పడకు, ముగ్గురికి ఒకటి చాలు.

బుడగకు ఎనిమిది మాటలు దాటనివ్వకు. ఏది తీసేయాలో తేల్చుకోవాలంటే పాఠం అర్థం కావాల్సిందే. అవ్వ “ఏం గాదు బిడ్డా, తాగు” అంటే దాన్ని పుస్తకం భాషలోకి దిద్దకు.

మొదటి విడత బొమ్మలు నాకు పంపు, తప్పులు దిద్దక ముందువే.

ప్రేమతో,
మీ అన్న