‘విండోస్ ఫ్రీగా వేసిస్తాం సార్’

ప్రశ్న: మా అబ్బాయికి గేమింగ్ కంప్యూటర్ కావాలట. బడ్జెట్ 90 వేలు. రెడీమేడ్‌ది కొనాలా, విడిభాగాలు తెచ్చుకుని బిగించుకోవాలా? తనే బిగిస్తానంటున్నాడు, నాకేమో టెన్షన్‌గా ఉంది. (వరంగల్ నుంచి ఓ పాఠకుడు)

జవాబు: సెలవులొస్తే చాలు, నా మెయిల్ నిండా ఇదే ప్రశ్న. మీవాణ్ని బిగించనివ్వండి. ప్రాసెసర్ మూలనున్న చిన్న త్రికోణం గుర్తు సాకెట్ మీది గుర్తుతో కలిసిందో లేదో చూసుకుని, దేన్నీ బలవంతంగా నొక్కకపోతే, మిగతాదంతా ఒక ఆదివారం పని. మానిటర్ కేబుల్ మాత్రం మదర్‌బోర్డుకు కాదు, గ్రాఫిక్స్ కార్డుకే పెట్టమనండి. వేలు పోసి కార్డు కొని, దాన్ని ఖాళీగా కూర్చోబెట్టి, ‘గేమ్ ల్యాగ్ అవుతోంది సార్’ అని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

రెడీమేడ్ వాటి మీద నా కోపం వేరు. ప్రకటనలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల పేర్లు ఇంతింత అక్షరాల్లో ఉంటాయి. భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గరికొచ్చేసరికి ‘500 వాట్స్’ అన్న మాట తప్ప కంపెనీ ఏదో, రేటింగ్ ఏమిటో ఉండదు. ర్యామ్ 16 జీబీ అంటారు, తెరిస్తే ఒకటే స్టిక్. ఎనిమిదేసి జీబీలవి రెండు పెడితే వచ్చే వేగం దానికి రాదు. కొన్నింటిలో మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ వాళ్ల సొంత కొలతల్లో ఉంటాయి. మూడేళ్ల తర్వాత ఒకటి పోతే, బజార్లో దొరికేది అందులో పట్టదు. రంగురంగుల లైట్లకు మాత్రం లోటుండదు. అయితే 2025 చివర్లో ర్యామ్ ధరలు మండిపోయాక లెక్క కొంత మారింది. ఒక్కోసారి రెడీమేడే చవగ్గా పడుతుంది, ఒకే రోజు రెండు ధరలూ కనుక్కోండి.

మీరు రాయలేదు గానీ, మనవాళ్లలో చాలామంది వెళ్లేది మూడో దారిన. సికింద్రాబాద్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్లి, షాపువాళ్ల చేతే అసెంబుల్ చేయించుకోవడం. బిగించడం వాళ్లు బాగానే బిగిస్తారు. నా భయమల్లా ఆఖర్న వినిపించే ‘విండోస్ ఫ్రీగా వేసిస్తాం సార్’ అన్న మాటతోనే. దొంగ విండోస్‌ను అసలుదిలా నమ్మించే యాక్టివేటర్లను యాంటీవైరస్ పట్టేస్తుంది కాబట్టి, ముందు దాని నోరు మూయిస్తారు. మా పక్కింటివాళ్ల కొత్త సిస్టమ్ తెరిచి చూస్తే, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ విండోస్ సెక్యూరిటీలో సీ డ్రైవ్ మొత్తాన్నీ ఎక్స్‌క్లూజన్స్‌లో (తనిఖీ చేయొద్దన్న జాబితాలో) పెట్టేశారు. అంటే అందులోకి ఏం దూరినా తనిఖీ ఉండదు. పైగా దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి, ఆన్ చేయగానే తనంతట తాను మొదలయ్యేలా పెట్టి ఉంది. ‘సర్వీసు కోసమట’ అన్నారు ఆ ఇంటాయన. ఆ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ఆయనకు తెలీదు. నెట్ బ్యాంకింగ్ చేసేదీ దాంట్లోనే.

అందుకే విండోస్ లైసెన్సు ఖర్చు కూడా ఆ 90 వేలలోనే వేసుకోండి. షాపులో చేయించినా ఖాళీ డ్రైవ్‌తోనే తెచ్చుకుని, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని ఇంట్లోనే ఇన్‌స్టాల్ చేయండి. బిల్లులో ప్రతి భాగం సీరియల్ నంబరూ రాయించుకోండి, విడిభాగాల వారంటీకి రేపు అడిగేది అదే.

ఇంట్లో ఇప్పటికే షాపువాళ్లు విండోస్ వేసిచ్చిన కంప్యూటర్ ఉంటే, ఇవాళే ఆ ఎక్స్‌క్లూజన్స్ తెరిచి చూడండి. మీరు పెట్టనిదేదైనా అక్కడ కనిపిస్తే, ముందు నెట్ కేబుల్ పీకి, ఆ తర్వాత నాకు రాయండి. ఫోన్‌లోంచి.