మిషన్లు కొనే ముందు

చి. రమ్యకు,

పిన్ని ఆశీస్సులు. హైదరాబాద్ బాలాపూర్‌లో, మయన్మార్ నుంచి శరణార్థులుగా వచ్చిన రోహింగ్యా స్త్రీలకు కుట్టుపని నేర్పే కేంద్రం పెడుతున్నావని, పది మిషన్లకు డబ్బు కూడా సమకూరిందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఆ డబ్బు ఇంకా నీ చేతిలోనే ఉంటే నెల రోజులు కదిలించకు.

పదేళ్ల కిందట నేనూ అక్కడే, అదే పని చేశాను. పన్నెండు మంది స్త్రీలు, ఆరు నెలలు, జాకెట్టు కత్తిరింపు మొదలుకొని అన్నీ నేర్పాం. చివరి రోజున సర్టిఫికెట్లు, ఫొటోలు, సమోసాలు. ఏడాది తరువాత వెళ్ళి చూస్తే ఒక గుడిసెలో మేమిచ్చిన మిషను మీద దుప్పటి కప్పి ఉంది, దాని మీద బియ్యం డబ్బా. నన్ను చూడగానే ఆ ఇల్లాలు సిగ్గుపడుతూ డబ్బా దించబోయింది. నాకు తల కొట్టేసినట్లయింది. వేలు పోసి కొన్న పట్టుచీర జాకెట్టు ముక్కను ఊరికి కొత్తగా వచ్చిన మనిషి చేతిలో ఎవరు పెడతారు? ఆరు నెలల్లో ఒక్కరోజూ మాలో ఎవరికీ ఈ ప్రశ్న తట్టలేదు. నేర్పడం మాకు వచ్చు కాబట్టి నేర్పాం. పని ఇచ్చేవాళ్ళను వెతకడం మాత్రం ఎవరి వంతూ కాలేదు.

అందుకే ఈ నెలంతా దుకాణాలు తిరుగు. చీరల కొట్లు, స్కూలు యూనిఫాం కుట్టించేవాళ్ళు, గుడ్డ సంచులు అమ్మేవాళ్ళు. వారానికి ఎన్ని పీసులు ఇస్తారు, పీసుకు ఎంత, కుట్టు చెడితే నష్టం ఎవరిది, డబ్బు ఏ రోజు చేతికి వస్తుంది అని అడుగు. యూనిఫాం పని జూన్‌కు ముందే ఉంటుంది, తరువాత కొట్టువాడు ముఖం చాటేస్తాడు. చీరలకు ఫాల్ కుట్టే పని ఏడాది పొడవునా దొరుకుతుంది. దానికి మిషను కూడా అక్కరలేదు. సూది, చీర రంగుకు కలిసే దారం, కుట్టు పైకి కనబడనివ్వని ఓపిక చాలు. వారం పది రోజుల్లో చేతికి వస్తుంది, రెండో వారానికే నాలుగు రూపాయలు కళ్ళబడతాయి. ఆ నాలుగు రూపాయలు చూసిన మనిషి తరువాత పీకో నేర్చుకుంటుంది, జాకెట్టు కూడా నేర్చుకుంటుంది. ఆరు నెలలు ఉత్త చేతులతో కూర్చోమంటే ఏ పూటకాపూట సంపాదించుకునే ఇంట్లో కుదరదు.

ఢిల్లీలో సిలాయీవాలీ అనే సంస్థ అఫ్ఘాన్ శరణార్థి స్త్రీల చేత, కత్తిరింపులో మిగిలిన గుడ్డ ముక్కలతో బొమ్మలు కుట్టిస్తుంది. ఆ బొమ్మను అమ్మే బాధ్యత సంస్థదే. నీ కేంద్రమూ అలాగే నడవాలి, బేరం నువ్వు చూడు, కుట్టు వాళ్ళు చూస్తారు.

క్లాసు వేళ సంగతి. మేం పదకొండు గంటలకు పెట్టాం. సరిగ్గా అప్పుడే నీళ్ళ ట్యాంకరు వచ్చేది, సగం మంది బిందెలు పట్టుకుని లేచిపోయేవారు. ‘శ్రద్ధ లేదు’ అని మేం రిజిస్టరులో రాసుకున్నాం! ఆ రిజిస్టరు ఇప్పటికీ నా దగ్గర ఉంది, తెరవాలంటే మనసొప్పదు.

కత్తెర కంటే ముందు అంకెలు నేర్పు. ఒకావిడకు టేపు చదవడం రాదు. దారానికి ముడులు వేసుకుని కొలతలు గుర్తుపెట్టుకునేది, నడుముకు ఒకటి, ఛాతీకి ఒకటి. ఆ దారాలు మేకుకు గుత్తులుగా వేలాడుతుండేవి, ఏది ఎవరిదో ఆవిడ ఒక్కసారీ పొరబడలేదు. అయినా కొట్టువాడు పదిహేడు పీసులకు పదిహేను లెక్క వేస్తే పట్టుకోలేకపోయింది. అంకెలు నేర్చుకోవడానికి ఆవిడకు నాలుగు రోజులే పట్టింది.

ఇక కాగితాల సంగతి. ఇది తేలికగా తీసుకోకు. చలికాలంలో మన ఊళ్ళలో స్వెట్టర్లు అమ్మే టిబెటన్లను చూస్తుంటావు. 1959లో వాళ్ళూ ఉత్త చేతులతో వచ్చినవాళ్ళే. లూథియానా వర్తకులు వాళ్ళకు సరుకు అరువిస్తారు, సీజను అయ్యాక బాకీ తీరుస్తారు. తరతరాలుగా నిలబెట్టుకున్న మాటే వాళ్ళ పెట్టుబడి. కానీ వాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చిన రిజిస్ట్రేషన్ పత్రం ఉంది. రోహింగ్యాలకు సొంత దేశమే 1982 చట్టంతో పౌరసత్వం లేకుండా చేసింది. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. ఇక్కడ వాళ్ళ చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు, దానితో బ్యాంకు ఖాతా తెరవడం కష్టం.

ఖాతా లేకపోతే ఏమవుతుందో చూడు. ఒకతను ఎండుచేపల బండి పెట్టాడు, అమ్మకం బాగుండేది. కొనేవాళ్ళంతా ఫోనుతోనే డబ్బు కడతామంటే, పక్క వీధివాడి కోడ్ బండికి అంటించుకున్నాడు. మొదట వందకు ఐదు పట్టుకున్నాడు వాడు, తరువాత పది, చివరికి ఒక వారం సొమ్మంతా. ఇతను ఎవరి దగ్గరకు వెళ్ళి చెప్పుకుంటాడు? అడ్డా కూలీకి వెళ్ళే మగవాళ్ళదీ ఇదే గోస, మేస్త్రీ ఎగ్గొట్టినా నోరెత్తలేరు. కాబట్టి వారం వారం నగదుగా ఇచ్చే కొట్టునే చూసుకో, రేటు ఒక రూపాయి తక్కువైనా సరే. లెక్క పుస్తకంలో రాసి, ఇద్దరి చేతా సంతకమో వేలిముద్రో పెట్టించు. ఆధార్ ఇప్పిస్తామంటూ దళారులు తిరుగుతుంటారు, ఆ గుమ్మం తొక్కవద్దని మొదటి రోజే చెప్పు. అలా తీసుకుని కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళున్నారు. పని మొదలుపెట్టకముందే శరణార్థుల కేసులు చూసిన వకీలు ఒకరితో మాట్లాడి, ఏది చేయవచ్చో ఏది కూడదో తెలుసుకో.

పదిమందితో కాక ముగ్గురితో మొదలుపెట్టు. మిషన్లు ఇచ్చేటప్పుడు ఊరికే ఇవ్వకు, కూలిలోంచి నెలకు కొంత పట్టుకో. ఊరికే వచ్చినదాని మీదకు బియ్యం డబ్బా ఎక్కుతుంది.

నా పాత పీకో మిషను అటక మీద ఉంది. బెల్టు మార్పిస్తే నడుస్తుంది. ఆదివారం ఆటోలో వేసుకుని వస్తాను. ఈలోగా ఎన్ని కొట్లు తిరిగావో, ఎవరేమన్నారో కాగితం మీద రాసి ఉంచు.

మీ పిన్ని